మా ఇంట్లో రెండు దగ్గులు

మా చర్చిలో ఆడవాళ్ల కూటంలో నన్ను రెండుసార్లు సాక్ష్యం చెప్పమన్నారు. జబ్బుపడి లేచినవాళ్లు ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పడం మాలో అలవాటు. రెండుసార్లూ లేచాను. రెండుసార్లూ "నేను బాగున్నాను, అందరికీ వందనాలు" అని కూర్చుండిపోయాను. నేను ఎలా బాగుపడ్డానో చెప్పాలంటే మా నాన్న ఎలా పోయాడో కూడా చెప్పాలి. అది నలుగురి ముందూ నోటంట రాదు. అందుకని రాస్తున్నాను. నా చదువంతా హిందీలో సాగింది. తెలుగు రాయడం సండే స్కూల్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇంట్లో ఎవరైనా వారాల తరబడి దగ్గుతూ, అడిగితే "ఏం లేదు" అంటూ ఉంటే, వాళ్ల చేత కూడా చదివించండి.

ఎండాకాలం

నా పేరు సుగుణ. మాది భిలాయి సెక్టర్ 2లో స్టీల్ ప్లాంటు క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. నాన్న దేవదానం పంతొమ్మిదేళ్ల వయసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కోక్ ఓవెన్‌లో చేరాడు. బొగ్గుని కాల్చి కోక్ చేసే బట్టీలవి. అమ్మ పేరు రత్నమ్మ. నేనొక్కర్తినే కూతుర్ని.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి అప్పటికి మూడేళ్లు. కొత్త రాష్ట్రం కాబట్టి అన్ని ఆటలకీ కొత్తగా జట్లు కడుతున్నారు. నేను కాలేజీలో పరుగు పందేల్లో మూడో స్థానం, నాలుగో స్థానం వచ్చేదాన్ని. మూడూ నాలుగూ ఎవరికీ పనికిరావు. మా పీటీ మేడమ్ పిలిచి, సెక్టర్ 7లో ఒక హాల్లో రోయింగ్ మెషీన్లు పెట్టారనీ, పడవల పోటీలకి అమ్మాయిలు కావాలనీ, పడవలు వచ్చేదాకా మెషీన్ మీదే పోటీలు ఉంటాయనీ చెప్పింది. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే క్రీడల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాన్నకి ఇంకా రెండేళ్లే సర్వీసు ఉంది. సర్వీసు అయిపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందుకే ఆ మాట మా ఇంట్లో అందరి చెవుల్లోనూ పడి అక్కడే ఉండిపోయింది.

ఆ మెషీన్ చూడనివాళ్లకి చెబుతాను. నేలకి జానెడు ఎత్తులో పొడుగాటి ఇనప పట్టా. దాని మీద ముందుకీ వెనక్కీ జారే సీటు. పాదాలు పట్టీలతో బిగించుకుని, గొలుసుకున్న కర్రని రెండు చేతులా పట్టుకుని, కాళ్లతో నెట్టుకుంటూ పొట్ట దాకా లాగాలి. ఎదురుగా చిన్న తెర మీద, ఐదువందల మీటర్లకి ఎంతసేపు పడుతోందో ప్రతి లాగుకీ అంకె మారుతుంటుంది. పోటీ రెండువేల మీటర్లు. మొదటిరోజు నాకు తొమ్మిది నిమిషాల ముప్పై ఒక్క సెకను పట్టింది. దిగి హాలు బయట వాంతి చేసుకున్నాను.

నేర్పేది తివారీ సార్. సైన్యంలో పనిచేసి వచ్చినాయన. గొంతు ఎప్పుడూ పెంచడు. నేను మొదటి ఐదువందలు పిచ్చిపట్టినట్టు లాగేసి, మూడో ఐదువందల్లో చచ్చిపోయేదాన్ని. "మొదటిది ఎవరైనా లాగుతారు బేటీ. నీ పోటీ మూడోదానితో. దానికి మిగుల్చుకో," అనేవాడు.

నాన్న ఉదయం షిఫ్టు అయిపోయాక సైకిల్ మీద హాలుకి వచ్చి, గోడవారన బెంచీ మీద కూర్చునేవాడు. సార్ చెప్పింది ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. ఇంటికి నడుస్తూ అన్నాడు. "బట్టీ మీద కొత్తగా వొచ్చినోడు మొదటి గంట పరిగెడతాడు. మూడో గంటకి నీళ్లకాడ కూలబడతాడు. ఎనిమిది గంటలు నిలబడాల అని ముందే బుర్రలో పెట్టుకుని మొదలెట్టాల. తెలిసిందేటి?"

తెలిసింది. మే నెలాఖరుకి తొమ్మిది లోపుకి వచ్చాను. జూన్‌లో ఎనిమిది నిమిషాల ముప్పై ఒకటి. వానలు మొదలైన వారంలో ఎనిమిది పందొమ్మిది. ఆ రోజు నాలుగు ఐదువందలూ ఒకదాని వెంట ఒకటి ఒకే వేగంతో వచ్చాయి. రెండు నిమిషాల ఆరు సెకన్లు, రెండు ఐదు, రెండు ఐదు, ఆఖరిది రెండు మూడు. ఒళ్లు మండుతున్నా బుర్ర చల్లగా ఉంది. నాతోపాటు లాగే లఖేశ్వరి క్యాంప్ 2 బస్తీ పిల్ల, నాకంటే రెండేళ్లు చిన్న. నేను దిగగానే తడిసిన నన్ను అలాగే పట్టుకుని గిర్రున తిప్పింది. నవంబరులో ఎంపిక. ఎనిమిది పదికి వస్తే నా పేరు ఖాయమని సార్ అన్నాడు.

వానలు

ఆ తొమ్మిది సెకన్లు రాలేదు. వచ్చినవి కూడా వెనక్కి పోయాయి.

ఆగస్టులో ఎనిమిది ఇరవై ఆరు. రెండు వారాల తర్వాత ఎనిమిది నలభై. ముందు పొరపాటు నా లెక్కదే అనుకున్నాను. మొదటి ఐదువందలు ఇంకాస్త నెమ్మదిగా తీసుకున్నాను. అప్పుడూ మూడోదానికి ఊపిరి అందలేదు. మధ్యలో బలంగా లాగాను. అప్పుడూ అంతే. సార్ వారం విశ్రాంతి ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి ఇంకా తగ్గింది. తెర మీద అంకెని తిట్టుకునేదాన్ని. అది అబద్ధం చెప్పదని తెలిసినా, చెడిపోయిందేమోనని లఖేశ్వరి మెషీన్ మీద కూడా లాగి చూశాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. వానాకాలం దగ్గు ఎవరికి రాదు? సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొద్దున లేస్తే కమీజు మెడ చుట్టూ తడిగా ఉండేది. నడుం దగ్గర సల్వార్ రెండుసార్లు లోపలికి కుట్టుకున్నాను. అమ్మ ఒకరోజు నా భుజం ఎముక మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఏటే, ఇలగైపోతన్నావు? కొక్కేనికి చొక్కా తగిలించినట్టున్నావు."

"కసరత్తు కదమ్మా. కొవ్వు కరుగుతాది."

"నీకు కొవ్వెక్కడిదే కరగడానికి?"

"నీకు తెలీదులే," అన్నాను. అలా అనడం తేలిక.

నాకు తెలుసు. ఇది నిజం రాయాలనే కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. సెప్టెంబరు నాటికి నాకు తెలుసు, ఇది వానాకాలం దగ్గు కాదని. పేరు తెలియదు, అంతే. పేరు తెలుసుకుంటే ఆసుపత్రి, ఆసుపత్రికి వెళ్తే నవంబరు పోతుంది. అందుకని బాత్రూములో కుళాయి తిప్పి దగ్గేదాన్ని. హాల్లో తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గేదాన్ని.

నాన్న కూడా దగ్గేవాడు. అది మాకు కొత్త కాదు. బట్టీ దగ్గర పనిచేసే మగవాళ్లందరూ దగ్గుతారని నేను చిన్నప్పటి నుంచి అనుకుంటున్నదే. ఆయన పొద్దున్నే వరండాలోకి పోయి, గోడ పక్కకి వంగి దగ్గి, నీళ్లు పోసి వచ్చేవాడు. ఆయనకి షుగరు కూడా ఉంది. చిక్కిపోతే షుగరన్నాం, దగ్గితే పొగన్నాం. ఒకే ఇంట్లో ఆయన వరండాలో, నేను బాత్రూములో. మధ్యలో అమ్మ బియ్యం ఏరుకుంటూ ఉండేది.

నవంబరు

ఎంపిక రోజు హాల్లో ముప్పైమంది దాకా ఉన్నారు. రాయపూర్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి బల్ల వేసుకుని కూర్చున్నారు. నాన్నకి ఆ రోజు ఉదయం షిఫ్టు. రాలేకపోయాడు. రాలేదని సంతోషించాను.

పద్ధతిగా లాగితే ఎలాగూ రాదని నాకు తెలుసు. మొదట్లోనే వీలైనంత సంపాదించి, తర్వాత ఎలాగో నిలబెట్టుకుందామనుకున్నాను. సార్ ఆరు నెలలు ఏది చెయ్యొద్దన్నాడో అదే చేశాను. మొదటి ఐదువందలు సరిగ్గా రెండు నిమిషాలు. ఎవరో "శాబాష్" అన్నారు. రెండోది రెండు ఏడు. మూడోదానిలో ఛాతీలో కుడిపక్క ఏదో పట్టేసింది. ఊపిరి లోపలికి పోతోంది గాని నాకేమీ అందడం లేదు. రెండు ఇరవై ఒకటి. నాలుగోది లాగుతూ దగ్గాను. దగ్గుతూ లాగాను. మొత్తం ఎనిమిది యాభై ఆరు.

కర్ర వదిలేసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రగా ఉంది. మడిచి ఒళ్లో దాచుకున్నాను. కాని లఖేశ్వరి నా పక్క మెషీన్ మీదే ఉంది.

నన్ను బయటికి తీసుకెళ్లి, గోడకి ఆనించి నిలబెట్టి, హిందీలో నెమ్మదిగా అడిగింది. "దీదీ, ఎన్నాళ్ల నుంచి?"

"ఇవాళే. గొంతు గీరుకుంది."

"మా బస్తీలో నేను చూశాను దీదీ ఇలాంటిది. గొంతు కాదు."

ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. తలూపింది. ఆ సాయంత్రం మా క్వార్టరు ముందు ఆమె సైకిలు కనిపించింది. వరండాలో నిలబడి, నేను గదిలోంచి వింటుండగానే, మా నాన్నకి అంతా చెప్పేసింది. "నన్ను తిట్టుకోనీ అంకుల్. రేపే తీసుకెళ్లండి," అని వెళ్లిపోయింది. నేను నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ ఊపిరి తీసుకుంటున్నానంటే ఆమె ఒట్టు తప్పబట్టే.

నాన్న లోపలికి రాలేదు. వరండాలో కుర్చీలో కూర్చుండిపోయాడు. అమ్మ అన్నం పెట్టి పిలిచినా లేవలేదు.

పొద్దున డ్యూటీ మానేసి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఛాతీ విభాగం ముందు పొడుగాటి వరండా, సిమెంటు బెంచీలు. అక్కడ కూర్చున్నవాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందరూ గోడవైపే చూస్తారు. ఎవరైనా దగ్గితే పక్కవాళ్లు కాస్త జరుగుతారు, తర్వాత వాళ్లూ దగ్గుతారు. కఫం పరీక్షకి చిన్న డబ్బీ ఇచ్చి బయట చెట్టు కిందికి వెళ్లమన్నారు. నాకు సిగ్గుతో రాలేదు. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చి, నా వీపు మీద చెయ్యి వేసి, "లంబీ సాఁస్ లే బేటీ, అందర్ సే" అంది. గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గమని. నేను డబ్బీ మూత పెట్టేదాకా అలాగే నిలబడింది. మందులు వాడిన ఆరు నెలల్లో ఎన్నోసార్లు ఆవిణ్ణి చూశాను. ప్రతిసారీ "వజన్ బఢా?" అని అడిగేది, బరువు పెరిగావా అని.

మూడోరోజు డాక్టరు పిలిచింది. నా కంటే పదేళ్లు పెద్దదేమో. ఫిల్ము వెలుగుకి పెట్టి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మబ్బులాంటిది చూపించింది. టీబీ అని చెప్పింది. మందులు వాడితే పూర్తిగా నయమవుతుందనీ, ఒక్కరోజు కూడా మానకూడదనీ, మింగేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు చూడాలనీ చెప్పింది. తర్వాత కలం ఎత్తి అడిగింది. "ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా?"

నేను నాన్నవైపు చూశాను. ఆయన గోడ మీద బొమ్మవైపు చూస్తూ "లేదు మేడమ్" అన్నాడు.

బట్టీ పొగ సంగతి చెప్పడం ఎందుకనుకున్నాడేమో అని నేనూ ఊరుకున్నాను. అయినా ఇంట్లో అందర్నీ పరీక్షకి రమ్మంది. ఆ వారమే అమ్మ వెళ్లింది. అమ్మకి ఏమీ లేదు. నాన్న రేపన్నాడు, డ్యూటీ అన్నాడు, వచ్చే వారం అన్నాడు.

మొదటి నెల నాకు సరిగ్గా గుర్తులేదు. మాత్రలు మింగితే కడుపులో తిప్పేది. మూత్రం నారింజరంగులో వచ్చేది. అమ్మ నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. డాక్టరు అక్కర్లేదన్నా వినలేదు. పెట్టేటప్పుడు నా మొహం చూసేది కాదు. చర్చి నుంచి వచ్చినవాళ్లు గేటు బయటే నిలబడి ప్రార్థన చేసి వెళ్లారు. ఒక పిన్ని మాత్రం "బయట ఎవరికీ చెప్పకండి, రేపు సంబంధాలు చూడాల" అని అమ్మకి చెప్పడం విన్నాను. తివారీ సార్ వచ్చి నా మంచం పక్కన కూర్చుని, హాలు రిజిస్టరులో నా పేజీ అలాగే ఉంచానన్నాడు. నాకు బదులు లఖేశ్వరి జట్టులోకి వెళ్లింది. తనకి ఎనిమిది పదిహేను వచ్చింది. ఆ మాట సార్ చెప్పకపోతే బాగుండుననిపించింది.

రోజూ పొద్దున్నే మాత్రలిచ్చింది నాన్నే. ఏ షిఫ్టయినా ఆ వేళకి స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. ఒక్కొక్కటే చేతిలో పెట్టేవాడు.

"మింగేవా?"

"మింగేను."

"నోరు తెరు."

చిన్నపిల్లకి చూసినట్టు చూసేవాడు. ఒకరోజు నాకు విసుగొచ్చి, "నెలైంది, బాగానే ఉన్నాను కదా. ఒక్కరోజు మానితే ఏటవుతాది?" అన్నాను.

నాన్న గ్లాసు కింద పెట్టాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి అరిచాడు. "మానకు! బాగున్నాదని మానీకు! ఇన్నావా?" ఆ అరుపుతో దగ్గు తెర వచ్చి, గుమ్మం పట్టుకుని వంగిపోయాడు. నేను భయపడ్డాను. అప్పుడైనా అడగలేదు.

జనవరి

నా జ్వరం పోయింది. ఆకలి తిరిగొచ్చింది. రెండో నెల పరీక్షలో కఫం శుభ్రంగా వచ్చింది. ఆ రిపోర్టు నాన్నకి చూపిస్తే రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చదివాడు. ఆ తర్వాత పదిరోజులకి ఆయన డ్యూటీలో పడిపోయాడు. తోటివాళ్లు ఆసుపత్రికి తెచ్చేసరికి చొక్కా ముందంతా నెత్తురు.

అదే వరండా, అదే బెంచీలు. ఈసారి అమ్మా నేనూ. నా డాక్టరే చూసింది. రెండువైపులా ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయనీ, ఇది నెలల్లో వచ్చింది కాదనీ చెప్పింది. "ఇంతకుముందు ఎప్పుడైనా మందులు వాడారా?" అని అడిగితే అమ్మ "లేదమ్మా, షుగరు మాత్రలే" అంది.

ఆ మధ్యాహ్నం దుప్పటి కోసం నాతో ఇంటికి వచ్చి, నాన్న ట్రంకుపెట్టెని అమ్మ తెరిచింది. అడుగున, పెళ్లినాటి పంచె మడతలో పెద్ద ఖాకీ కవరు దొరికింది. అందులో దుర్గ్‌లోని ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర తీయించిన ఎక్స్‌రే. నెలకొకటి చొప్పున మందుల చీటీలు రెండు, నేను మింగుతున్న మాత్రలే. చీటీ మీది నెల నేను చదివాను. నేను మొదటిసారి దగ్గడానికి ఏడాదిన్నర ముందు.

రెండు నెలలు వాడి మానేశాడు. మిగతా చీటీలు లేవు.

అమ్మ నేల మీద కూలబడింది. ఏడవలేదు. "నాకు ఇద్దరూ చెప్పలేదు," అంది. "ఒక్క ఇంట్లో ఉండి ఇద్దరూ నాకు చెప్పలేదు. నాను మీకేటవుతాను?"

మర్నాడు నేను ఒక్కర్తినే వార్డుకి వెళ్లాను. నాన్న దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. బత్తాయి ఒలుస్తూ అడిగాను.

"ఎందుకు మానేసేవు నాన్నా?"

"తగ్గిపోనాదనుకున్నాను. దగ్గు పోయింది, ఆకలేసింది. మాత్రలేసుకుంటే డ్యూటీలో వాంతులు. ఆఫీసుకి తెలిస్తే అన్‌ఫిట్ అని ఇంటికి పంపీస్తారని భయమేసింది. నీకు ఉద్యోగం వొచ్చీదాకా లాగీద్దామనుకున్నాను."

వాళ్ల సెక్షన్‌లోనే ఒకాయన ఇదే జబ్బుతో ఆరు నెలలు సెలవు పెట్టి, నయమై మళ్లీ పనిలో చేరాడని తర్వాత తెలిసింది. ఎవరూ ఎవర్నీ ఇంటికి పంపలేదు. నాన్న అడగలేదు, అంతే.

"మళ్లీ వొచ్చిందని తెలీలేదా?"

"తెలిసింది. తెలిసేకొలదీ భయమేసింది." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నానే గదా నీకు అంటించింది? సెప్పు గుంటా. నానే గదా?"

బత్తాయి తొనలు కంచంలో పెట్టాను. చేతులు తుడుచుకున్నాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను.

కోపం. ఆ ఎనిమిది పందొమ్మిది మీద, నవంబరు మీద, గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దులన్నిటి మీదా కోపం. డాక్టరు అడిగినప్పుడు గోడ మీద బొమ్మని చూసిన ఆ మొహం మీద కోపం. అదే పని నేనూ చేశానని, రెండు నెలలు కుళాయి తిప్పి దగ్గానని ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

మర్నాడు చెబుదామని వెళ్లాను. నిద్రలో ఉన్నాడు. ఆ తర్వాతి రోజు చర్చివాళ్లు మంచం చుట్టూ ఉన్నారు. నాలుగోరోజు పొద్దున అమ్మ చేతి మీదే నెత్తురు కక్కుకుని పోయాడు. నేను రోడ్డు మీద ఉన్నాను, జావ క్యారేజీతో.

ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. "కాదు నాన్నా" అంటే అబద్ధం. ఆయన దానికి ఒప్పుకునేవాడు కాదు. "అవును" అని పక్కన కూర్చునుండాల్సింది. ఆయన అడిగింది జవాబు కాదేమో, నేను లేచి వెళ్లకుండా ఉండడమే అడిగాడేమో.

ఆ తర్వాత

నా మందులు మేలో పూర్తయ్యాయి. అప్పటికి క్వార్టరు ఖాళీ చేసి, క్యాంప్ 2లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. చూసిపెట్టింది లఖేశ్వరి వాళ్లే. నేను ఒక చిన్న బడిలో హిందీ చెబుతున్నాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉండిపోయిందని డాక్టరు చెప్పింది. బతకడానికి సరిపోతుంది, మునుపటి ఊపిరి మాత్రం హామీ ఇవ్వలేనంది. వ్యాయామం చెయ్యొచ్చా అంటే, నెమ్మదిగా చెయ్యమంది.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆ బండే నిన్ను తినీసింది. దాని కాడికెళ్తే నా మీదొట్టే," అంది. నిజానికి ఆ బండే ముందుగా చెప్పింది, వినలేదు నేనే. ఆ సంగతి అమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. పదిహేను రోజులు అమ్మకి చెప్పకుండా వెళ్లాను. పదహారోరోజు, మళ్లీ దాస్తున్నానని తట్టి, గుమ్మంలోనే చెప్పేశాను. "అమ్మా, హాలుకెళ్తన్నాను. రోజూ వెళ్తన్నాను." అమ్మ రెండురోజులు మాట్లాడలేదు. తర్వాత చెమట తుడుచుకోడానికి ఉతికిన తువ్వాలు తీసి గుమ్మం పక్కన పెట్టింది.

మొదటిరోజు ఐదు నిమిషాలు లాగాను. ఐదువందలకి మూడు నిమిషాల పదిహేను సెకన్ల లెక్కన. ఒళ్లు వేడెక్కడానికి లాగే వేగం అది. పక్కన లఖేశ్వరి ఈల వేస్తున్నట్టు లాగుతోంది. ప్రతి లాగుకీ దగ్గొస్తుందేమోనని భయం. దగ్గు రాలేదు. కాని వస్తుందేమోనన్న భయంతో ఊపిరి సగమే తీసుకుంటున్నాను. సార్ చూసి, "పూర్తిగా వదులు. వదిలితేనే కొత్తది వస్తుంది," అన్నాడు. నాడి పట్టుకుని చూసి, గుండె వేగం ఆయన చెప్పిన గీత దాటితే దిగిపొమ్మనేవాడు. ఎన్నోసార్లు దిగిపోయాను. దిగిన ప్రతిసారీ ఏడుపొచ్చేది.

రెండువేలు మొదటిసారి పూర్తిచేసినప్పుడు పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు. రెండు నెలలకి పది ఇరవై. దసరాలకి తొమ్మిది యాభై. ఇప్పుడు నాలుగు ఐదువందలూ ఒకేలాగా లాగడం నాకు బాగా వచ్చు. అంతకంటే గట్టిగా లాగడమే రాదు. మూడోదానిలో ఇప్పటికీ కుడిపక్క పట్టేస్తుంది. అప్పుడు ఒక్క సెకను తగ్గించుకుని, అది వదిలేదాకా ఓపిక పడతాను. ఎంపికలూ ఉద్యోగమూ అయిపోయిన మాటలు. లఖేశ్వరి ఏడున్నర నిమిషాల దిశగా పోతోంది. మరి ఎందుకు లాగుతున్నానంటే, లోపల ఏమవుతోందో రోజూ ఒకసారి నిజం తెలుస్తుంది. అంకె వారం పాటు వెనక్కి నడిస్తే ఆసుపత్రికి వెళ్తాను. ఒకసారి వెళ్లాను కూడా. ఉత్త జలుబు.

పోయిన శనివారం తొమ్మిది నిమిషాల ముప్పై ఎనిమిది వచ్చింది. నేను ఏమీ తెలియకుండా మొదటిరోజు లాగినదానికంటే అది ఇంకా ఏడు సెకన్లు ఎక్కువే. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా అడిగింది.

"ఎంతొచ్చింది?"

ఇన్నాళ్లలో అమ్మ ఆ మాట అడగడం అదే మొదలు. ఏం అడిగిందో అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది.

"తొమ్మిది ముప్పై ఎనిమిది."

"మీ నాన్నకైతే అన్నీ చెప్పేదానివి. నాకూ చెప్పు." గరిటె ఆపింది. "తగ్గితే మంచిదేటి, పెరిగితే మంచిదేటి?"

"తగ్గాలమ్మా."

అమ్మ రెండు కంచాలు తీసి, పక్కపక్కనే పెట్టి, అన్నం వడ్డించడం మొదలుపెట్టింది.

"మరి కూకో," అంది. "మొదటి రోజు నుంచీ చెప్పు."